షరతు ఎప్పుడు తేలుతుంది?

(ద్రాక్షారామంలో చేసిన లెక్కల మాస్టారి స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఏర్పాటుచేసిన ధర్మనిధికి మూలధనం పోగుచేసిన శిష్యులు మాస్టారి పేరు పెడదామంటే, ఆయన బతికుండగానే వద్దన్నారు. అందుకే ఆహ్వానపత్రంలో 'లెక్కల మాస్టారి స్మారకోపన్యాసం' అని మాత్రమే వేశారు. ఆయన మాటను నేనూ మన్నిస్తాను. బోర్డు మీద ఏ లెక్క మొదలుపెట్టినా ఆయన ముందుగా ఒక ప్రశ్న వేసేవారు: "ఇందులో మనకి ఇప్పుడే తెలిసిందేమిటి? తర్వాత గాని తేలనిదేమిటి?" పిల్లలు ఆ రెండూ విడివిడిగా రాసి చూపించాకే సుద్దముక్క కదిలేది. ప్రోగ్రామింగ్‌లో నాకిష్టమైన ఒక విషయానికి ఆ ప్రశ్నే ప్రాణం కాబట్టి, ఆయన స్మృతిలో దాని గురించే మాట్లాడతాను.

కోడ్ రాయడం నేర్చుకునేవాళ్లకి 'ఇఫ్' మొదటి వారంలోనే వస్తుంది. మార్కులు 35 వస్తే పాస్, లేకపోతే ఫెయిల్. ఇంతేగదా అనిపిస్తుంది. అయితే షరతులన్నీ ఒకే వేళకి తేలవు. విద్యార్థికి ఎన్ని మార్కులు వచ్చాయో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు గాని తెలియదు. ఆ ప్రోగ్రామ్ ఫోనులో నడవాలా, సర్వర్ మీద నడవాలా అన్నది మాత్రం అది తయారవుతుండగానే తెలుసు. మొదటిది రన్ టైమ్ షరతు, రెండోది కంపైల్ టైమ్ షరతు. ఈ రెండో రకానివి ఎక్కువగా మాక్రోల్లో కనిపిస్తాయి. ప్రోగ్రామర్ రాసిన చిన్న పిలుపుని చూసి, దాని చోట అసలు కోడ్‌ని పరిచే ఏర్పాటు మాక్రో. అలా పరచడాన్ని విస్తరణ అందాం. విస్తరణ వేళ ఏ కోడ్ పరచాలి, ఏది వదిలేయాలి అని తేల్చే తర్కం ఈనాటి నా విషయం. నా వాదం ముందే చెప్పేస్తాను. మాక్రోల్లో ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి షరతు తప్పుగా ఉండటం కారణం కాదు. షరతు సరిగ్గానే ఉంటుంది, దాన్ని అడిగిన వేళ సరికాదు.

దీనికి పోలిక ఇక్కడే దొరుకుతుంది. ఈ ఊరి భీమేశ్వరాలయం గోడల మీదా స్తంభాల మీదా ఉన్న శాసనాలు చూసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అవి వందల సంఖ్యలో అచ్చయ్యాయి. 1070లో కులోత్తుంగ చోళుడు గద్దెనెక్కాక వేయించినవి వాటిలో ఎన్నో ఉన్నాయి. అఖండ దీపానికి దానమిచ్చిన శాసనాలు ఓ పది వరసగా చదివితే అన్నిటి కట్టుబడీ ఒకటేనని తెలిసిపోతుంది. శకవర్షం, ఏ సంక్రాంతి నిమిత్తం, ఇచ్చిందెవరు, దీపానికి ఎన్ని జీవాలు, వాటిని తీసుకున్న బోయ ఎవరు, అతనూ అతని పుత్రపౌత్రులూ రోజూ మానెడు నెయ్యి సూర్యచంద్రులున్నంత కాలం పోయాలన్న నిబంధన. ఈ ధర్మానికి విఘ్నం చేస్తే ఎంతటి పాపమో చెప్పే మాటలు చాలా దానశాసనాల చివర ఉంటాయి. రాయించేవాళ్ల దగ్గర ఒక మూస ఉంది. ఆ మూసలో రెండు రకాల షరతులున్నాయి. ఉత్తరాయణమా, దక్షిణాయనమా, విషువా? దానం జీవాలా, నాణేలా? ఇవి ఉలి పట్టేముందే తేలిపోయాయి. తేలిన మాటే రాతికెక్కింది. తక్కిన ప్రత్యామ్నాయాల జాడ కూడా అక్కడ లేదు. 'విఘ్నం చేస్తే' అన్నది మాత్రం షరతుగానే రాతి మీద నిలిచింది. అది ఏ తరంలో, ఎవరి విషయంలో తేలుతుందో చెక్కినవాడికి తెలిసే వీల్లేదు. మాక్రో రాసే ప్రోగ్రామర్ ఆ చెక్కేవాడి స్థానంలో కూర్చుంటాడు. ఏ షరతుని తను తేల్చి పంపాలి, దేన్ని షరతుగానే రాసి పంపాలి అన్నది అతను నిర్ణయించుకోవాలి.

ఇక అసలు కథలోకి వస్తాను. 1957, 58 ప్రాంతంలో అమెరికాలో జాన్ మెకార్తీ అనే గణితజ్ఞుడు ఐబీఎం 704 యంత్రం మీద చదరంగం ఆడే ప్రోగ్రామ్ రాస్తున్నాడు. భాష ఫోర్ట్రాన్. అందులో అప్పట్లో ఉన్న ఇఫ్, విలువ రుణమా, సున్నానా, ధనమా అని చూసి మూడు లైన్లలో ఏదో ఒకదానికి దూకించేది. లెక్క మధ్యలో ఇమిడే ఇఫ్ ఆయనకి కావలసివచ్చింది. దాంతో ఎక్స్ఇఫ్ అనే ఫంక్షన్ ఒకటి తయారుచేసుకున్నాడు. దానికి మూడు ఆర్గ్యుమెంట్లు: షరతు, షరతు నిజమైతే రావలసిన విలువ, కాకపోతే రావలసిన విలువ. రాయడానికి హాయిగా ఉంది. వాడితే దోషం బయటపడింది. ఏ ఫంక్షన్‌ని పిలిచినా, లోపలికి వెళ్లేముందే దాని ఆర్గ్యుమెంట్లన్నీ లెక్కకట్టాలి. అంటే షరతు ఎటు తేలినా రెండు వైపులా పని జరిగి తీరుతుంది.

పనికిరాని పని కొంత జరిగితే ఏం మునిగిపోతుంది అనుకోవచ్చు. క్రమగుణితం ఉదాహరణ తీసుకోండి. సంఖ్య సున్నా అయితే ఫలితం 1, కాకపోతే ఆ సంఖ్యని దానికంటే ఒకటి తక్కువైన సంఖ్య క్రమగుణితంతో గుణించాలి. దీన్ని ఎక్స్ఇఫ్‌తో రాస్తే, సంఖ్య సున్నాకి చేరినప్పుడు కూడా యంత్రం రెండో వైపుని లెక్కకట్టబోతుంది. సున్నా తర్వాత మైనస్ 1, తర్వాత మైనస్ 2. దానికి అంతు లేదు. షరతులో తప్పు లేదు, జవాబులూ సరైనవే. షరతు తేలకముందే జవాబులు రెండూ లెక్కకట్టడం వల్ల ప్రోగ్రామ్ ఆగకుండా పోతోంది. అందుకే మెకార్తీ ఇఫ్‌ని ఫంక్షన్ల కోవలోంచి తీసేసి, షరతు తేలాక ఒక్క వైపునే ముట్టుకునే ప్రత్యేక నిర్మాణంగా నిలబెట్టాడు. ఆయన సృష్టించిన లిస్ప్ భాష దాని మీదే లేచింది. ఆల్గాల్ 60 కమిటీలో ఆయన వాదించాక ఆ భాషలోకీ అది వచ్చింది. ఇప్పుడు ఏ భాషలో ఇఫ్ రాసినా మనం ఆ నిర్ణయం నీడలోనే ఉన్నాం.

ఇదే మెకార్తీ దగ్గర మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు పరిశోధన చేశారు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో డాక్టరేట్ అందుకున్నారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు పొందారు. పల్లెటూళ్ల పిల్లల కోసం 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా పనిచేశారు. ఈ హాల్లో ఆ విశ్వవిద్యాలయపు నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివినవాళ్లు ఉంటే, ఇఫ్‌ని ఇఫ్‌గా మలిచిన మనిషికి మీరు విద్యాపరంగా మనవలవుతారు. ఆ బంధుత్వాన్ని మీరు గర్వంగా చెప్పుకోవాలని నా కోరిక.

ఇఫ్ ఫంక్షన్‌గా పనికిరాదని తేలాక ఒక లోటు మిగిలింది. ఆర్గ్యుమెంట్లని ముందే లెక్కకట్టకుండా, వాటిని కోడ్‌గానే అందుకుని తన ఇష్టప్రకారం అమర్చుకునే నిర్మాణాలు భాషని తయారుచేసినవాళ్ల చేతిలోనే ఉండాలా? మామూలు ప్రోగ్రామర్‌కి ఆ అధికారం వద్దా? 1963లో తిమోతి హార్ట్ ఎంఐటీలో ఒక చిన్న మెమోతో లిస్ప్‌కి మాక్రోలు ఇచ్చాడు. ఆ మాక్రో లిస్ప్‌లోనే రాసిన ప్రోగ్రామ్. దానికి అందేది కోడ్, అది తిరిగిచ్చేదీ కోడే. కాబట్టి మాక్రో లోపల ఇఫ్ రాయవచ్చు. ఆ ఇఫ్ విస్తరణ వేళ తేలుతుంది. మాక్రో తయారుచేసిచ్చే కోడ్‌లో కూడా ఇఫ్ ఉండవచ్చు. అది ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తేలుతుంది. చూడటానికి రెండూ ఒకటే, అక్షరాలూ ఒకటే. రెండింటినీ పక్కపక్క లైన్లలో రాస్తాం.

కొత్తవాళ్లు పడే గోతి ఇదే. ఒక విద్యార్థి 'పన్ను' అనే మాక్రో రాస్తాడు. ఆదాయం అనే ఆర్గ్యుమెంట్ సున్నా కంటే ఎక్కువైతే ఒక కోడ్, లేకపోతే ఇంకో కోడ్ అని మాక్రో లోపలే ఇఫ్ పెడతాడు. పన్ను(5000) అని పిలిస్తే చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే 5000 కోడ్‌లోనే కనిపిస్తోంది. పన్ను(జీతం) అని పిలవగానే ఎర్రర్. విస్తరణ వేళ మాక్రో చేతికి వచ్చింది జీతం విలువ కాదు, 'జీతం' అనే పేరు. ఆ పేరు సున్నా కంటే పెద్దదా అని అడిగితే కంపైలర్ ఏం చెబుతుంది? ఆ పేరు వెనకున్న అంకె నెలాఖరుకి ఎవరో టైప్ చేస్తే గాని పుట్టదు. విద్యార్థి రాసిన షరతు న్యాయమైనదే. దాన్ని మాక్రో తయారుచేసే కోడ్‌లో పెట్టాలి గాని మాక్రోలో పెట్టకూడదు. ఈ ఒక్క తేడా ఒంటబట్టడానికి తెలివైన పిల్లలకి కూడా వారాలు పడుతుంది. తొందరపెట్టకుండా, ఓపిగ్గా నేర్పవలసిన చోటు ఇది.

లిస్ప్ దారి అలా ఉండగా, మన కాలేజీల్లో అందరూ చదివే సీ భాష వేరే దారి పట్టింది. డెనిస్ రిచీ ఆ భాష చరిత్ర రాస్తూ, ప్రీప్రాసెసర్ 1972, 73 ప్రాంతంలో వచ్చిందని చెప్పాడు. మొదట్లో అది రెండే పనులు చేసేది: వేరే ఫైల్‌ని తెచ్చి కలపడం, ఒక పేరు చోట ఇంకో మాట పెట్టడం. ఆర్గ్యుమెంట్లు తీసుకునే మాక్రోలూ, షరతుని బట్టి కోడ్‌ని ఉంచే లేదా తీసేసే వీలూ తర్వాత మైక్ లెస్క్, జాన్ రైజర్ చేర్చారు. ప్రీప్రాసెసర్ పుట్టుకలోనే ఒక పరిమితి ఉంది. అది కంపైలర్ కంటే ముందు నడుస్తుంది, దానికి సీ భాష రాదు. టైపులు, వేరియబుల్స్, ఫంక్షన్లు దానికి తెలియవు. దానికి తెలిసినవి మాటల ముక్కలు, తన దగ్గర నమోదైన మాక్రో పేర్లు. అంతే.

అటువంటివాణ్ని పట్టుకుని మనం ప్రశ్నలడుగుతాం. ఈ యంత్రం మీద పూర్ణాంకానికి ఎన్ని బైట్లు అని, ప్రీప్రాసెసర్ తేల్చే ఇఫ్ అయిన హాష్ ఇఫ్‌లో, టైపు పరిమాణం చెప్పే సైజాఫ్ పెట్టి అడిగితే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే టైపులనేవి అక్కడింకా పుట్టలేదు. ఎర్రర్ వచ్చింది కాబట్టి అది మేలు. ఎర్రర్ రాని చోటే గుండె దడ. హాష్ ఇఫ్‌లో కనిపించిన పేరు మాక్రోగా నమోదై లేకపోతే దాని విలువ 0 అనుకోవాలని సీ ప్రమాణం చెబుతోంది. దీని పర్యవసానం కాస్త దగ్గరగా చూద్దాం. సీలో అంకెలకి పేర్లు పెట్టే ఈనమ్‌తో ఒకరు మూడు పేర్లు పెట్టుకున్నారు: ఎరుపు 1, పచ్చ 2, నీలం 3. మరోచోట రంగు అనే వేరియబుల్‌కి నీలం ఇచ్చారు. కిందికి వచ్చి హాష్ ఇఫ్ వేసి, రంగు ఎరుపుకి సమానమా అని అడిగారు. ఈనమ్ గురించి ప్రీప్రాసెసర్‌కి తెలియదు. 'రంగు' అన్న పేరు తెలియదు, 0 అంది. 'ఎరుపు' అన్న పేరూ తెలియదు, అదీ 0 అంది. సున్నా సున్నాకి సమానమేగా! షరతు నిజమని తేలింది. ఎరుపు కోసం రాసిన కోడ్ లోపలికి వెళ్లిపోయింది. పచ్చ అని అడిగినా, నీలం అని అడిగినా అదే జవాబు. ఒక్క హెచ్చరిక లేదు. నీలం కోసం పరీక్షించినవాడికి సరిగ్గానే ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. మాక్రో పేరులో ఒక అక్షరం తారుమారైనా ఇదే గతి. పేరు తెలియదు కాబట్టి 0, 0 కాబట్టి అబద్ధం, కాబట్టి మన కోడ్ మాయం.

దీనికి మందు ఉంది. జీసీసీ కంపైలర్‌కి 'డబ్ల్యూ అన్‌డెఫ్' అనే ఆప్షన్ ఇస్తే, నమోదు కాని పేరు హాష్ ఇఫ్‌లో కనిపించినప్పుడల్లా హెచ్చరిస్తుంది. మామూలుగా అందరూ ఇచ్చే 'డబ్ల్యూ ఆల్'లో ఇది కలిసి రాదు, విడిగా అడగాలి. కాలేజీ ల్యాబ్ మాన్యువల్‌లో మొదటి పేజీలో ఉండవలసిన మాట ఇది అని నా అభిప్రాయం.

మెకార్తీ ఎక్స్ఇఫ్‌లో ఆర్గ్యుమెంట్లు అవసరానికి మించి లెక్కలోకి వచ్చాయని చెప్పాను. సీ మాక్రోలో అవి రెండుసార్లు లెక్కలోకి రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. రెండింట్లో పెద్దదాన్ని ఇచ్చే మాక్రోలో మొదటి ఆర్గ్యుమెంట్ షరతులో ఒకసారి, జవాబులో ఒకసారి రాయాలి. దానికి 'లెక్క ప్లస్ ప్లస్' అని అందిస్తే, అదే పెద్దదైనప్పుడు లెక్క రెండు పెరుగుతుంది. అసలు లెక్కలోకి రాని సంగతి అసర్ట్ మాక్రోది. ప్రోగ్రామ్ సవ్యంగా ఉందో లేదో చూసుకోవడానికి అసర్ట్ వాడతాం. ఎన్‌డీబగ్ అనే పేరు నమోదై ఉంటే అసర్ట్ విస్తరణ ఏ పనీ చేయని ముక్కగా మారుతుంది. లోపల రాసింది కూడా దాంతోపాటే పోతుంది. ఎవరైనా అసర్ట్ లోపల ఫైల్ తెరిచే పిలుపు పెట్టి, అది తెరుచుకుందా అని చూశారనుకోండి. పరీక్షలో అంతా బాగుంటుంది. వాడకందార్లకి ఇచ్చే కాపీలో ఎన్‌డీబగ్ ఆన్ చేస్తారు, ఇక ఫైల్ ఎన్నడూ తెరుచుకోదు. పరీక్షలో పట్టుబడకుండా పరీక్ష తర్వాత పుట్టే బగ్ ఇది.

ఇన్ని ప్రమాదాలుంటే ఈ షరతుల్ని వదిలేయవచ్చుగా అని అడగవచ్చు. వదల్లేం. మీ జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లన్నిట్లోనూ లైనక్స్ కెర్నెల్ ఉంది. 1991లో మొదలైన ఆ కెర్నెల్ కోడ్ ఒకటే. అది చేతి గడియారంలోనూ నడవాలి, సూపర్ కంప్యూటర్‌లోనూ నడవాలి. ఆ కోడ్ మొత్తం ప్రతి పరికరంలోనూ నింపడం కుదరదు. అందువల్ల తయారుచేసేటప్పుడే వేలకొద్దీ ఆప్షన్లకి జవాబులిస్తారు: ఇది లోపలే ఉండాలి, ఇది విడి మాడ్యూల్‌గా ఉండాలి, ఇది వద్దు. ఉండాలన్న దాని పేరు 1గా నమోదవుతుంది. మాడ్యూల్ అయితే ఆ పేరుకి మాడ్యూల్ అన్న తోక తగిలించిన పేరు 1గా నమోదవుతుంది. వద్దన్న దాని పేరు అసలు నమోదే కాదు.

ఇక్కడ కెర్నెల్ రాసేవాళ్లకి ఒక కోరిక కలిగింది. పేరు నమోదైందా అని మాత్రమే అడిగే హాష్ ఇఫ్‌డెఫ్ వేస్తే, వద్దన్న వైపు కోడ్‌ని కంపైలర్ కంటితో కూడా చూడదు. అందులో తప్పు దొర్లినా, పాతబడిపోయినా ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఎవరో ఆ ఆప్షన్ ఆన్ చేసినప్పుడు బద్దలవుతుంది. దీనికి బదులు మామూలు సీ ఇఫ్ వాడి, షరతు చోట 1 గాని 0 గాని కచ్చితంగా వచ్చేలా చేయగలిగితే? కంపైలర్ రెండు వైపులా చదివి తప్పులు పడుతుంది. షరతు 0 అని తెలిసిన వెంటనే ఆ వైపుని తుది కోడ్‌లోంచి కొట్టేస్తుంది కూడా. అంటే నమోదైతే 1గా, నమోదు కాకపోతే 0గా విస్తరించే మాక్రో కావాలి. అయితే మాక్రో విస్తరణ లోపల హాష్ ఇఫ్‌డెఫ్ రాయడం సీలో నిషిద్ధం. మాక్రోలకి ఇఫ్ లేదు. మరి ఇఫ్ లేకుండా ఇఫ్ చేయడమెలా?

కెర్నెల్‌లో 'ఈజ్ ఎనేబుల్డ్' అనే మాక్రో ఆ పని చేస్తుంది. దాని కీలకమంతా ఒక కామా. ముందుగా ఒక విచిత్రమైన పేరు నమోదు చేసిపెట్టుకున్నారు. ఆ పేరు చివర 1 ఉంటుంది, దాని విస్తరణ సున్నా, పక్కన కామా. ఇప్పుడు ఆప్షన్ పేరు తీసుకుని, దాని విస్తరణని ఆ విచిత్రమైన పేరు మొదటి భాగానికి అతికిస్తారు. ఆప్షన్ 1గా నమోదై ఉంటే అతుకు ఫలితం సరిగ్గా ముందే నమోదైన పేరవుతుంది. అది 'సున్నా, కామా'గా విప్పుకుంటుంది. నమోదు కాకపోతే అతుకు ఫలితం ఎవరికీ తెలియని చెత్త పేరవుతుంది. దానికి విస్తరణ లేదు, కామా రాదు. ఇప్పుడు వచ్చినదాని పక్కన '1, 0' అని చేర్చి, రెండో ఆర్గ్యుమెంట్‌ని మాత్రమే ఇచ్చే ఇంకో మాక్రోకి పంపిస్తారు. కామా వచ్చిన సందర్భంలో వరస 0, 1, 0 అవుతుంది, రెండోది 1. కామా రాని సందర్భంలో చెత్త పేరూ 1 కలిసి ఒకే ఆర్గ్యుమెంట్ అయిపోతాయి, రెండోది 0. ఇదంతా ఒకసారి లోపలే ఉండే ఆప్షన్ పేరుతో, ఒకసారి మాడ్యూల్ తోక ఉన్న పేరుతో జరుగుతుంది. రెండింట్లో ఏది 1 అయినా చాలు.

ఈ మాక్రోని మొదటిసారి విప్పి చూసుకున్నప్పుడు కలిగిన సంతోషం నాకింకా కొత్తగానే ఉంది. ఇఫ్ అనే మాట లేదు, పోలిక లేదు, అంకగణితం లేదు. రెండు పేర్లు కలిశాయా లేదా, కామా వచ్చిందా లేదా అన్న దానితోనే నిజమూ అబద్ధమూ పుట్టాయి. అందం సంగతి అలా ఉంచితే, ఇది చేసిన మేలు ఇంకా పెద్దది. ప్రీప్రాసెసర్ నోటితో చెప్పించిన జవాబుని ఇది కంపైలర్‌కి అర్థమయ్యే షరతుగా మార్చి, టైపులు తెలిసినవాడి చేతికి అప్పగించింది. వీలైన చోటల్లా హాష్ ఇఫ్‌డెఫ్ మాని దీన్నే వాడమని కెర్నెల్ కోడింగ్ నియమాలు చెబుతున్నాయి. హాష్ ఇఫ్‌డెఫ్‌లని విచ్చలవిడిగా వాడితే కోడ్ చదవలేనిదైపోతుందని హెన్రీ స్పెన్సర్, జెఫ్ కొలియర్ 1992లోనే యూజ్‌నిక్స్ సభలో ఒక పత్రం చదివారు. ముప్పయ్యేళ్లు దాటినా ఆ పత్రం కాలం చెల్లలేదు.

మరో చిక్కుని క్లుప్తంగా చెబుతాను. మాక్రో తన విస్తరణలో 'తా' అనే తాత్కాలిక వేరియబుల్ వాడుకుందనుకోండి. పిలిచినవాళ్ల కోడ్‌లో కూడా 'తా' అనే పేరుంటే రెండూ కలిసిపోతాయి, షరతు ఒకరిని అడగబోయి ఇంకొకరిని అడుగుతుంది. 1986లో ఇండియానా యూనివర్సిటీ నుంచి కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసెన్, డూబా మాక్రోల పరిశుభ్రత గురించి రాసిన పత్రం దీనికి దారి చూపింది. స్కీమ్ భాష ఆ దారిలో వెళ్లి మాక్రోలకి ఇంకో పద్ధతి నేర్పింది. అందులో ఇఫ్ రాయరు. పిలుపు ఈ ఆకారంలో ఉంటే ఈ విస్తరణ, ఆ ఆకారంలో ఉంటే ఆ విస్తరణ అని నమూనాలు వరసగా ఇస్తారు. మొదట ఏది సరిపోతే అది. విలువని అడిగే అవకాశమే లేకపోవడంతో, ఇందాక చెప్పిన పన్ను మాక్రో తప్పు అక్కడ రాయడానికే కుదరదు. అందుకే మాక్రోలు నేర్పడానికి స్కీమ్ మంచి బడి అని నేను నమ్ముతాను.

తర్వాత వచ్చిన భాషలు ఈ పాఠాలని లోపలికి తీసుకున్నాయి. వాల్టర్ బ్రైట్ తయారుచేసిన డీ భాషలో స్టాటిక్ ఇఫ్ ఉంది. సీ ప్లస్ ప్లస్ ఎన్నో ఏళ్లు టెంప్లేట్లతో నానా తంటాలు పడి, 2017 ప్రమాణంలో ఇఫ్ కాన్స్ట్‌ఎక్స్‌పర్ అనే కంపైల్ టైమ్ ఇఫ్ ఇచ్చింది. దాన్ని తేల్చేది కంపైలర్. దానికి టైపులు తెలుసు, కాబట్టి సైజాఫ్ అడిగితే జవాబు చెప్పగలదు. రస్ట్ భాష రెండు పద్ధతులకీ వేర్వేరు గుర్తులు పెట్టింది. సీఎఫ్‌జీ అట్రిబ్యూట్ పెడితే వద్దన్న కోడ్ మొత్తం లేచిపోతుంది. సీఎఫ్‌జీ మాక్రో వాడితే నిజమో అబద్ధమో వస్తుంది, రెండు వైపులా కంపైలర్ చదవగలిగేలా ఉండాలి. కెర్నెల్‌వాళ్లు కామాతో సాధించినదాన్ని రస్ట్ భాషలోనే భాగం చేసింది. చూసేవాడికి ఏ షరతు ఎప్పుడు తేలుతుందో గుర్తుని బట్టే తెలిసిపోతుంది. నా దృష్టిలో గత పదిహేనేళ్లలో ప్రోగ్రామింగ్ భాషలు చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

ఇన్నేళ్లు కోడ్ చదివాక నాకు స్థిరపడిన అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. మామూలు ఫంక్షన్‌తో అయ్యే పనికి మాక్రో రాయకూడదు. మాక్రోలో షరతు తప్పదనుకుంటే, ఆ షరతుకి కావలసిన సమాచారం విస్తరణ వేళకి నిజంగా అందుబాటులో ఉందా అని మొదట అడగాలి. అందుబాటులో ఉంటే, దాన్ని తేల్చే అధికారం టైపులు తెలిసినవాడికి ఇవ్వగలమా అని రెండోసారి అడగాలి. ఈ రెండు ప్రశ్నలకి జవాబు రాసుకోకుండా మొదలుపెట్టిన మాక్రో, రాసినవాళ్లు ఉద్యోగం మారి వెళ్లిపోయాక వెనకవాళ్లకి శిక్ష అవుతుంది. మన పిల్లలు హైదరాబాదు, బెంగళూరుల్లోనూ, విదేశాల్లోనూ చేరేది ఎక్కువగా ఇతరులు ఎప్పుడో రాసిన కోడ్ మీదే. ఆ కోడ్ నిండా ఇవే షరతులుంటాయి. పరీక్షల్లో 'మాక్రోకీ ఫంక్షన్‌కీ తేడాలు రాయుము' అన్న 5 మార్కుల ప్రశ్నకి జవాబు బట్టీపట్టినవాళ్లు ఆ కోడ్ ముందు నిలబడలేరు. పిల్లల తెలివిలో లోపం లేదు. వాళ్లకి విస్తరణని ఒక్కసారైనా కళ్లారా చూపించలేదు.

ఇక్కడున్న అధ్యాపకులకి నా విన్నపం ఇది. కంపైలర్‌కి 'పెద్ద ఈ' ఆప్షన్ ఇస్తే మాక్రోలన్నీ విప్పుకున్న తర్వాతి కోడ్ తెరమీదకి వస్తుంది. దానికి డబ్బు ఖర్చు లేదు, కొత్త ల్యాబ్ అక్కర్లేదు. వచ్చే టర్మ్‌లో ఒకే ఒక్క ల్యాబ్ పీరియడ్ దానికివ్వండి. రంగు, ఎరుపు ఉదాహరణని పిల్లల చేత రాయించండి, హెచ్చరిక లేకుండా తప్పు కోడ్ లోపలికి ఎలా వచ్చిందో వాళ్లనే వెతకనివ్వండి, ఆ తర్వాత డబ్ల్యూ అన్‌డెఫ్ ఇచ్చి మళ్లీ కంపైల్ చేయించండి. విద్యార్థులారా, మీ కాలేజీలో ఎవరూ చెప్పకపోయినా ఇవాళ రాత్రే మీ ల్యాప్‌టాప్ మీద చేసి చూడండి. సందేహం వస్తే ఈ ధర్మనిధి నిర్వాహకుల ద్వారా నాకు రాయండి, తప్పకుండా జవాబిస్తాను.